జాంబవంతుని మాట

మన గృహములలో సుందరకాండ పారాయణము తరతరములుగా సాగుచున్న ఆచారము. పిల్లకు సంబంధము కుదురవలెనన్నను, ఇంట రోగి కోలుకొనవలెనన్నను పెద్దలు ముందుగా తలచునది ఆ 68 సర్గలనే. పీఠము వేసి, దీపము వెలిగించి, పుస్తకము తెరచుసరికి హనుమంతుడు మహేంద్రగిరిపై నిలిచి లంఘనమునకు సిద్ధముగా నున్నాడు. ఆయన ఆ కొండపైకి ఎట్లు వచ్చెను? అంతకు కొంచెము ముందు ఏ స్థితిలో నుండెను? ఇది తెలియవలెనన్న కిష్కింధాకాండములోని చివరి నాలుగు సర్గలు చదువవలెను. పారాయణనియమములో అవి చేరవు గనుక చాలమంది వానిని చూడనే చూడరు. పదిమందికి పెద్దయైనవాడు ఆ పదిమందిలోని శక్తిని వెలికి తీయుట ఎట్లు అను ప్రశ్నకు నేను ఎరిగినంతలో ఆ నాలుగు సర్గలను మించిన సమాధానము లేదు.

సుగ్రీవుడు నాలుగు దిక్కులకును వానరులను పంపుచు ఒక నెల గడువు పెట్టెను. గడువు మీరినవానికి మరణదండనమని చాటెను. దక్షిణమునకు పోయిన అంగదుని జట్టు ఋక్షబిలములో చిక్కుకొని, స్వయంప్రభ దయవలన వెలుపలికి వచ్చుసరికి గడువు దాటిపోయినది. అప్పుడు వారు చేసినదేమి? వెదకుట మాని, కిష్కింధకు పోయి చచ్చుటకంటె ఇచ్చటనే చచ్చుట మేలని దర్భలపై ప్రాయోపవేశమునకు కూర్చుండిరి. సంపాతి కనబడి లంకజాడ చెప్పుట దైవయోగము. సుగ్రీవుని ఆజ్ఞను నేను తప్పు పట్టుటలేదు. ఆలస్యము చేసి లక్ష్మణుని కోపమును చవిచూచిన రాజు అంతకంటె మెత్తగా ఎట్లు పలుకగలడు? కాని ఆ దండభయము వారిని సముద్రపుటొడ్డు వరకే తేగలిగినది. ఒడ్డున నిలిచినవారి కాళ్లలో బలము నింపుట దాని వలన కాలేదు.

ఎదుట నూరు యోజనముల సముద్రము. దీనిని దాటగలవాడెవడని అంగదుడు అడిగెను. గజుడు తాను 10 యోజనములు పోగలననెను. గవాక్షుడు 20 అనెను. అట్లు లెక్క పెరుగుచు పోయి సుషేణుని వద్ద 80కి, జాంబవంతుని వద్ద 90కి వచ్చి ఆగెను. వీరిలో ఒక్కడును లేని బలము చెప్పుకొనలేదు. ఆపదలో అంత నిజాయితీగల జట్టు దొరకుట అరుదు. తాను నూరు యోజనములును దాటుదునుగాని తిరిగి వచ్చుట సందేహమని చివరకు అంగదుడు పలికెను. జాంబవంతుడు అడ్డుపడెను. నీవు లక్ష యోజనములైనను పోగలవాడవే, అయినను నీవు పంపవలసినవాడవు గాని పోవలసినవాడవు కావు, ఈ కార్యమునకు మూలము నీవే, మూలమును మేమందరము కాపాడుకొనవలెను అని నచ్చజెప్పెను.

ఈ మాట మన ఇండ్లలోని పెద్దలు వినదగినది. భజనగోష్ఠిలో ఇరువది యేండ్లుగా తాళములు తానే పట్టి, పాటయంతయు తానే పాడి, తన తరువాత పాడువాడు లేకపోయెనే యని వాపోవు భక్తులను నేను చూచితిని. ఇతరుల చేతికి తాళములిచ్చిన లయ తప్పునని వారి భయము. తప్పును, కొన్నాళ్లు తప్పును.

ఇంత చర్చ జరుగుచుండగా హనుమంతుడు ఒక ప్రక్కగా, పలుకక కూర్చుండియున్నాడు. బాల్యములో ఋషుల శాపమువలన తన బలమును మరచెనని ఉత్తరకాండ చెప్పుచున్నది. శాపము సంగతి యటుంచి, తన శక్తిని తానెరుగక మూలగా కూర్చుండువారు ప్రతి జట్టులోను ఒకరిద్దరుందురు. వారు 10 అనరు, 20 అనరు. ప్రశ్న తమది కాదనుకొందురు. అంగదుడు అందరినీ కలిపి అడిగెను. జాంబవంతుడు లేచి హనుమంతుని వద్దకే పోయెను. ఆ నడకయే నాకు సముద్రలంఘనమునకు తొలి అడుగుగా తోచును.

పోయి చెప్పినదేమి? నీ భుజబలము గరుత్మంతుని రెక్కల బలమునకు సాటి యని మొదలిడి, ఆయన జన్మవృత్తాంతమంతయు విప్పెను. అంజనాదేవిని, వాయుదేవుని, సూర్యుని ఫలమని యెంచి 300 యోజనములు ఎగసిన బాల్యమును, ఇంద్రుని వజ్రాయుధమును, ఎడమ దవడ విరిగి హనుమంతుడను పేరు కలుగుటను, దేవతల వరములను వరుసగా జ్ఞాపకము చేసెను. దెబ్బ తిన్న సంగతిని దాచలేదు. ఆ దెబ్బ నుండియే పేరును వరములును వచ్చినవని చూపెను. ఆపై తన సంగతి చెప్పెను. త్రివిక్రముడు లోకములను కొలిచిన కాలమున తాను భూమికి 21 మారులు ప్రదక్షిణము చేసినవాడు. ఇప్పుడు ముదుసలి, ఆ సత్తువ లేదు. మా కాలములో మేమెంత చేసితిమో యని పెద్దలు సాధారణముగా చెప్పునది చిన్నవారిని చిన్నబుచ్చుటకు. జాంబవంతుడు అదే మాటను చోటు విడిచి ఇచ్చుటకు చెప్పెను.

ఇచ్చట ఒక శంక కలుగును. గురువులను ఎదుటను, మిత్రులను చాటునను, భృత్యులను పని ముగిసిన పిమ్మటను పొగడవలెనని నీతికారుల మాట. పనికి ముందే పొగడుట ముఖస్తుతి కాదా? రావణుని సభలో జరిగినదేమి? ప్రహస్తుడు, దుర్ముఖుడు, వజ్రదంష్ట్రుడు ఒక్కొక్కరే లేచి, ఒంటిగా పోయి వానరులనందరిని చంపి వత్తుమనిరి. అదియు పొగడ్తయే; ప్రభువునకు ఇంపుగా ఉండుటకు పుట్టిన మాట. నిజము పలికిన విభీషణుడు ఆ సభలో నిలువలేకపోయెను. జాంబవంతుని మాటలో అబద్ధము లేదు, తనకు లాభము లేదు. ఆయన చేసినది స్తుతి కాదు, స్మారణము.

ఇట్లనిన శంక తీరినదని నేను చాలకాలము అనుకొంటిని. నిజము చెప్పిన చాలుననుకొంటిని. అది చాలదని భారతము చెప్పుచున్నది.

శల్యుడు పాండవులను చేరుటకు వచ్చుచు, దుర్యోధనుని మర్యాదలకు చిక్కి అతని పక్షమున నిలుచుటకు మాట ఇచ్చెను. అప్పుడు ధర్మరాజు, చేయదగని పనియే అయినను నా కొరకు చేయుమని, కర్ణునికి సారథివైనప్పుడు అతని తేజము చెడునట్లు పలుకుమని వేడెను. తిక్కన గారి తెలుగులో ఉద్యోగ, కర్ణపర్వములు చదివినవారికి ఈ కథ తెలిసినదే. యుద్ధభూమిలో శల్యుడు కర్ణునికి ఏమి గుర్తు చేసెను? గంధర్వులు దుర్యోధనుని పట్టుకొనిపోయినప్పుడు నీవు పారిపోలేదా? విరాటుని గోవులను పట్టిననాడు అర్జునుడు ఒక్కడు మిమ్మునందరిని గెలువలేదా? పైగా హంసతో పందెము వేసి సముద్రములో పడబోయిన కాకి కథ. గంధర్వుల సంగతి నిజము. గోగ్రహణము నిజము. జాంబవంతుడు జరిగినదానినే చెప్పెను. శల్యుడును జరిగినదానినే ఎత్తిచూపెను. ఒకడు సముద్రము దాటెను. మరియొకడు తన సారథితోనే వాదులాడుచు, కలతపడిన మనస్సుతో యుద్ధమునకు పోయెను.

ప్రతి మనుష్యుని గతములోను 300 యోజనములు ఎగసిన దినమొకటి, పారిపోయిన దినమొకటి ఉండును. పెద్దవాని చేతిలో రెండును ఉన్నవి. పని ముంగిట ఏది తీసి ముందుంచుననునదే అతని ధర్మపరీక్ష.

ఇది నేను పుస్తకము వలన నేర్చినది కాదు. నేను పాఠశాలలో చెప్పుచున్న తొలిదినములలో నావద్ద ఒక బాలుడుండెను. వార్షికసభలో అమరకోశమునకు శలాకాపరీక్ష పెట్టితిమి. గ్రంథములో పుల్ల గుచ్చి, అచ్చట తెరచిన పుట నుండి అప్పగించుమనుట ఆ పరీక్ష. నానార్థవర్గములో పుల్ల పడినది. బాలుడు రెండు శ్లోకములు చెప్పి ఆగిపోయెను. పండితులముందు నాకు తలవంపైనది. నేను లేచి, వీడు మొదటి నుండియు ఇంతేనని, ఉచ్చారణదోషములు మొదలుకొని ఉదయము ఆలస్యముగా లేచుట వరకు ఏకరువు పెట్టితిని. ఒక్కటియు అబద్ధము కాదు. బాలుడు తల ఎత్తలేదు. మరునాడు పాఠమునకు రాలేదు. ఆ నెలలోనే ఎవరో బంధువుల దుకాణములో పనికి పోయెనని వింటిని.

ఆ రాత్రి మా పెద్దగురువుగారు నన్ను అరుగుపై కూర్చుండబెట్టుకొని అనిరి: "నీవు చెప్పినవన్నియు నిజములే నాయనా. శల్యుడు చెప్పినవియు నిజములే. వీడు మూడు కాండములును నాలుగు నెలలలో కంఠస్థము చేసినమాట నిజము కాదా? అది ఏల నోటికి రాలేదు?" నేను జవాబు చెప్పలేకపోయితిని. ఇప్పటికిని చెప్పలేను.

దోషములు దిద్దవలదని నా అభిప్రాయము కాదు. దిద్దనివాడు గురువే కాడు. అది ఏకాంతమున, అభ్యాసకాలమున జరుగవలసిన పని. పరీక్షవేళ, పదిమంది చూచుచుండగా చేయునది దిద్దుట కాదు. పని నెరవేరిన పిమ్మట పలుకవలసిన మాట వేరుగా ఉన్నది. చెప్పినంతయే చేయువాడు మధ్యముడనియు, అంతకు మించి చేయువాడు ఉత్తముడనియు యుద్ధకాండారంభమున శ్రీరామచంద్రుడు హనుమంతుని కొనియాడి, ఇచ్చుటకు ఈ కౌగిలి తప్ప తనవద్ద మరేమియు లేదని బిగియార కౌగిలించుకొనెను.

జాంబవంతుని గూర్చి ఒక మాట మిగిలినది. హనుమంతుడు పెరిగి పెద్దవాడై బయలుదేరుటకు సిద్ధపడినప్పుడు ఆ వృద్ధుడు, మా అందరి ప్రాణములు నీ యందున్నవి, నీవు తిరిగి వచ్చువరకు మేము ఒంటికాలిపై నిలిచియుందుమని చెప్పెను. పంపి, తాను విశ్రమించలేదు. కార్యము సాధించి హనుమంతుడు మరల మహేంద్రగిరిపై దిగగా, దేవిని ఎట్లు చూచితివి, ఆమె ఎట్లున్నది, జరిగినదంతయు ఉన్నదున్నట్లు చెప్పుమని అడిగి వినుటకు కూర్చుండినవాడును ఆయనయే.