తల్లిపక్షియు సముద్రమును

ద్వితీయోపదేశకాండము 22:6, 7

త్రోవలో పక్షిగూడు దొరికినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని మోషే ధర్మశాస్త్రములో నున్నది. చిన్న ఆజ్ఞయే. దాని లోతు కెనడాలోని న్యూఫౌండ్లాండు జాలరులు ఎరుగుదురు. అక్కడి కాడ్ చేపలు శతాబ్దములకొలది ఐరోపా ప్రజలకు ఆహారమాయెను. ఒక తల్లిచేప లక్షలకొలది గ్రుడ్లు పెట్టును! అయినను పెద్ద ట్రాలరు ఓడలు, గ్రుడ్లు పెట్టుటకు గుంపుగూడిన చేపలను సహితము ఊడ్చుకొనిపోయెను. 1992 జూలైలో ప్రభుత్వము వేటను ఆపివేయగా సుమారు 30,000 మంది పని పోయెను.

ఆ జాలరులు దుర్మార్గులా? కారు. నేను విడిచిన చేపను మరియొకడు పట్టును గనుక, అందరిదైన సముద్రములో ఎవడును విడువడని స్కాట్ గోర్డన్ అను కెనడా ఆర్థికశాస్త్రజ్ఞుడు 1954లోనే వివరించెను. ఒక్కని మంచితనము అక్కడ చాలదు. మోషే ఆ ఆజ్ఞను ఇశ్రాయేలీయులందరికి ఇచ్చెను గదా.

మన తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేటను నిషేధించుట అట్టి కట్టడయే. కాని తల్లిని విడిచినవాని యింట ఆ రాత్రి కూర యుండదు. ప్రభుత్వపు భృతి చేతికందువరకు మన సంఘపు జాలరి కుటుంబముల కుండలో ఏమి ఉడుకుచున్నదో మనలో ఎవరైనను వెళ్లి అడిగితిమా?