ప్రశ్నించడం అవిశ్వాసమా?



చాలా ఏళ్ళ క్రితం, ఒక ఆదివారం పూజ ముగిశాక ఇంటర్ చదివే అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. "ఫాదర్, దేవుడు మంచివాడైతే మా చెల్లి ఎందుకు చనిపోయింది?" అని అడిగాడు. నాకు మరో ఊళ్ళో పూజ ఉంది. "అలా అడగకూడదు బాబూ, నమ్మాలి" అని చెప్పి స్కూటరెక్కాను. ఆ అబ్బాయి మళ్ళీ గుడికి రాలేదు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన నేను ఆనాడిచ్చిన జవాబు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ప్రశ్నించడం పాపమా? లూకా సువిశేషం మొదటి అధ్యాయంలో ఇద్దరు దేవదూతను ప్రశ్నించారు. జెకర్యా అడిగి మూగవాడయ్యాడు. మరియమాత అడిగి సమాధానం పొందింది. మాటలు దాదాపు ఒకటే, మనసులు వేరు. జెకర్యా నమ్మలేక రుజువు కోరాడు. మరియమాత దేవుని చిత్తానికి లోబడుతూ తెలుసుకోగోరింది. ఆ తరువాత కూడా ఆ తల్లి జరిగినవన్నీ హృదయంలో దాచుకొని ధ్యానించేది. పునీత అన్సెల్ము 11వ శతాబ్దంలో తన గ్రంథానికి మొదట పెట్టిన పేరు 'అవగాహనను వెదకే విశ్వాసం'. విశ్వాసం ముందు, వెదుకులాట తరువాత. ప్రేమించినవారిని గురించి ఇంకా తెలుసుకోవాలనిపించడం సహజమే కదా!

"మా అమ్మమ్మకు అక్షరాలు రావు, జపమాల తప్ప మరేమీ తెలియదు. ఆమె విశ్వాసం తక్కువదా?" అని మీరడగవచ్చు. ఎంతమాత్రం కాదు. దేవరహస్యాలను వరుసగా ధ్యానిస్తూ ఆమె రోజూ క్రీస్తు జీవితాన్ని చదువుతూనే ఉంది. చదువు వచ్చిన మనమే పదేళ్ళ వయసులో నేర్చిన సత్యోపదేశంతో నలభై ఏళ్ళ కష్టాలను మోయాలని చూస్తున్నాం. చిన్ననాటి చొక్కా పెద్దయ్యాక పట్టదు.

1992లో రెండవ జాన్ పౌలు పాపుగారు శ్రీసభకు అందించిన సత్యోపదేశ గ్రంథంలో నాలుగు భాగాలున్నాయి: విశ్వాస సంగ్రహం, దివ్యసంస్కారాలు, క్రీస్తులో జీవితం, ప్రార్థన. వారానికి కొన్ని పేరాలు చాలు. శనివారం కుటుంబ ప్రార్థన తరువాత మరునాటి సువిశేషం చదవండి. కాసేపు ధ్యానించండి, ప్రార్థించండి, ఆపైన దేవుని సన్నిధిలో మౌనంగా ఉండండి. మఠవాసులు శతాబ్దాలుగా నడిచిన మెట్లు ఇవే. పిల్లలు ప్రశ్న వేస్తే కసురుకోకండి. జవాబు తెలియకపోతే, "నాకూ తెలియదు, కలిసి వెదుకుదాం" అనండి. అది చిన్నతనం కాదు.

ఆ అబ్బాయి ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర ఈనాటికీ లేదు. కాని సిలువమీద మన ప్రభువు కూడా తండ్రిని 'ఎందుకు' అనే అడిగారు. ఆ ప్రశ్న ప్రార్థనే. అది తెలిసి కూడా ఆ రోజు నేను అతణ్ణి కూర్చోమనలేదు. మీ ఇంట్లో అలాంటి ప్రశ్న వచ్చిన రోజున, మీరు మాత్రం పని పక్కనబెట్టి కూర్చోండి.