అలాంటిదే మరొకటి

"ఇదీ అలాంటిదేగా!" అన్నమాట మన ఇళ్లల్లో ఆడపిల్లలు ఎన్నిసార్లు విని వుంటారో! సైకిలు అడిగితే కుట్టుమిషను వస్తుంది. రెండిటినీ కాళ్లతోనే తొక్కాలి కదా మరి! పై వూళ్లో ఎమ్మే చదువుతానంటే ఇంటి పక్క కాలేజీలో బీయీడీ వస్తుంది. ఇవ్వలేదని అనడానికి లేదు, ఇచ్చారు. కాదన్నవాళ్లతో పోట్లాడొచ్చు. అలాంటిదే మరొకటి ప్రేమగా చేతిలో పెట్టినవాళ్లతో ఎలా పోట్లాడతాం చెప్పండి?

ఈ మధ్య ఆడవాళ్ల బేస్‌బాల్ గురించి చదువుతుంటే ఈ ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు. ఆటల పేజీ చూడకుండా తిప్పేసే నేను బేస్‌బాల్ గురించి చదవడమేమిటని మావారు నవ్వారనుకోండి. మన క్రికెట్టుకి దాయాది ఆ ఆట. రోకలిలాంటి గుండ్రటి కర్రతో బంతిని కొట్టి, మూడు మజిలీలు చుట్టి, బయల్దేరిన చోటికే రావాలి. ఆ చోటుని 'హోమ్' అంటారు. ఎంత పరుగెత్తినా ఇల్లు చేరితేనే లెక్క! ఆ సంగతి మనకి కొత్తేం కాదు.

1972లో అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని హొబోకెన్‌లో మరియా పెపే అనే అమ్మాయి పిల్లల 'లిటిల్ లీగ్' జట్టులో మగపిల్లలతో కలిసి మూడు ఆటలు ఆడింది. ఆడపిల్లని ఆడిస్తే మీ గుర్తింపు రద్దు చేస్తామని పై సంస్థ బెదిరించింది. పిల్ల తప్పుకోవలసి వచ్చింది. ఫిర్యాదు, విచారణ అన్నీ నడిచాయి. తీర్పు ఆడపిల్లల పక్షానే వచ్చి, 1974లో లిటిల్ లీగ్ తలుపులు తెరిచింది. అప్పటికి మరియాకి ఆడే వయసు దాటిపోయింది! సరే, అది అలా వుంచండి. అదే 1974లో అదే సంస్థ ఆడపిల్లల కోసం సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టింది. ఒక తలుపు తెరుస్తూనే, "అమ్మాయిలూ, మీకు అటు!" అని పక్క తలుపు చూపించినట్టు.

సాఫ్ట్‌బాల్ తక్కువ ఆటని నేననను. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బేస్‌బాల్‌దయితే 9 అంగుళాల పై చిల్లర. మైదానం చిన్నది. చెయ్యి కిందనుంచి తిప్పి విసిరే ఆ వేగం చూస్తే కళ్లు తిరుగుతాయి. దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఎందరో వున్నారు.

మా పిన్ని చిన్నతనంలో మృదంగం నేర్చుకుంటానందట. తాతయ్య వీణ కొనిపెట్టారు. వీణ గొప్పది కాదా? సరస్వతి చేతిలోది! పిన్ని చక్కగా వాయించేది, పెళ్లిచూపుల్లో అందరూ మెచ్చుకున్నారు కూడా. వంటింట్లో బియ్యం డబ్బా మూత కనిపిస్తే మాత్రం ఆవిడ వేళ్లు వూరుకునేవి కావు. ఇందులో తప్పెవరిది? తాతయ్యది అనడానికి నాకు నోరు రాదు. అయినా ఎక్కడో ఏదో బాకీ మిగిలిపోయిందనే అనిపిస్తుంది.

ఈ కథకి ముందు మరో తమాషా జరిగింది. యుద్ధకాలంలో, 1943లో, చూయింగ్ గమ్ వ్యాపారి ఫిలిప్ రిగ్లీ ఆడవాళ్లకి జీతాలిచ్చి ఒక లీగ్ పెట్టాడు. పొట్టి గౌన్లు, లిప్‌స్టిక్, మర్యాద పాఠాలు, జట్టుకొక కాపలా పెద్దావిడ... ఆ గౌన్లతో నేలమీద జారితే తొడలు దోక్కుపోయేవి. పేరుకి బేస్‌బాలే గానీ మొదట బంతి 12 అంగుళాలది, విసిరే దూరం 40 అడుగులు. ఏళ్లు గడిచేకొద్దీ బంతి చిన్నదయింది, దూరం పెరిగింది. 1954లో లీగ్ మూతపడేనాటికి 9 అంగుళాల బంతి, 60 అడుగుల దూరం! అలాంటిది కాస్తా అసలైనదే అయి కూర్చుంది.

తర్వాత చాలా ఏళ్లు నిశ్శబ్దం. 1988లో డార్లీన్ మెహ్రర్ అనే ఆవిడ షికాగో ప్రాంతంలో ఆడవాళ్ల బేస్‌బాల్ సంఘం పెట్టింది. ఈసారి జీతాలు లేవు, సరదా కొద్దీ ఆడేవాళ్లే. తర్వాత మరికొన్ని చోట్ల లీగులు లేచాయి. 2004లో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఆడవాళ్లకి మొదటి ప్రపంచకప్పు కూడా జరిగింది.

డబ్బూ పేరూ లేకుండా, వున్న ఒక్క ఆదివారమూ ఎండలో ఎందుకీ అవస్థ అంటారా? వీళ్లలో చాలామంది సాఫ్ట్‌బాల్ ఆడుతూ పెరిగినవాళ్లే. ఇచ్చినదాన్ని తిట్టలేదు, విసిరికొట్టలేదు. అడిగింది మర్చిపోలేదు, అంతే. నాకు నచ్చింది అదే.

కానీ తల్లిగా ఆలోచిస్తే ఇంత సులువుగా లేదు. అమెరికా కాలేజీలు ఆడపిల్లలకి స్కాలర్‌షిప్పులు ఇచ్చేది సాఫ్ట్‌బాల్‌కే. పదమూడేళ్ల కూతురు వచ్చి "అమ్మా, నాకు బేస్‌బాలే కావాలి" అంటే? ఫీజులు తలుచుకుని "ఇదీ అలాంటిదేగా తల్లీ" అని నేనూ అంటానేమో! మీరయితే ఏమంటారు?

జపాన్‌లో హైస్కూలు అబ్బాయిల బేస్‌బాల్‌కి కోషియెన్ మైదానమంటే పుణ్యక్షేత్రంతో సమానం. అమ్మాయిల జాతీయ పోటీలు 1997లో మొదలయ్యాయి, వేరే మైదానాల్లో. వాళ్ల ఫైనల్ కోషియెన్‌కి వచ్చేసరికి 2021 అయింది. అదే మట్టి, అదే బంతి. అబ్బాయిలకి 9 ఇన్నింగ్సులు. అమ్మాయిల చేత ఆ రోజు 7 ఆడించారు.