కోర్టుకు ముద్ర వేసే పనే మిగల్చండి

అమ్మలూ,

నువ్వూ అల్లుడూ విడిపోవాలనే నిశ్చయించుకున్నారని మీ నాన్న ఫోన్ చేశాడు. సర్దుకుపొమ్మనే మాట నేనెత్తను, ఈపాటికి అందరూ చెప్పే ఉంటారు. విడిపోయేదేదో ఒకరి పరువు ఒకరు తీసుకోకుండా విడిపొండి.

కోర్టు గుమాస్తాగా నేను చూసిందే చెబుతున్నా. తప్పెవరిదో తేల్చుకుందామని కోర్టెక్కితే పడగ్గది గొడవలు కూడా అఫిడవిట్లకెక్కుతాయి. వాయిదాలకు పిల్లల్ని తీసుకొస్తే వరండా బల్లల మీదే నిద్రపోతారు. మీరు రాయించిన కాగితాలు రేపు మీ బాబు చదువుతాడు, గుర్తుంచుకో.

బాబు ఇంట్లో లేనప్పుడు ఇద్దరూ కూర్చోండి. పెళ్లి ఆల్బమ్ ముందు పెట్టుకుని ఏ నగ ఎవరు పెట్టారో రాయండి. నీకు పెట్టిన బంగారం నీ స్త్రీధనం, దాన్ని బేరంలోకి రానివ్వకు. ఫ్లాటు అప్పు ఎవరు కడతారు, స్కూలు ఫీజు ఎవరిది, సంక్రాంతికి బాబు ఎవరింట్లో, వేసవి సెలవులు ఎలా పంచుకుంటారు, అన్నీ రాయండి. ఎక్కడైనా మాట తెగకపోతే జిల్లా కోర్టు దగ్గరి మధ్యవర్తిత్వ కేంద్రానికి వెళ్లండి. అక్కడ అనుకున్న మాటలు కేసులో సాక్ష్యం కావు.

అయితే పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం రాసుకుని తెగిపోయిందనుకోకు. కులాచారం ఉందని రుజువైతే తప్ప ఆ కాగితం చెల్లదు. దాన్ని నమ్మి ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా కేసవుతుంది. హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన 13-బి సెక్షన్ మీలాంటివాళ్ల కోసమే. ఏడాదిగా విడిగా ఉంటున్నవాళ్లు ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేయొచ్చు. ఆరు నెలలాగి మళ్లీ వెళ్లి అదే మాట చెప్పాలి. ఏడాదిన్నరగా విడిగా ఉండి, భరణం, బిడ్డ సంగతి తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలల గడువు కోర్టు తీసేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేదాకా మనసు మారితే వెనక్కి తగ్గే హక్కు ఇద్దరికీ ఉంది.

ఒక్క మాట. అతను చెయ్యి చేసుకున్నా, బెదిరించి సంతకం అడిగినా ఈ రాజీ మాటలన్నీ పక్కన పెట్టి వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

అలాంటిదేమీ లేకపోతే, సంతకం పెట్టేముందు ఆ కాగితం నీ తరఫు వకీలుకు విడిగా చూపించు. నేనూ తోడొస్తా.

మీ పెదనాన్న