వదిలేసే వేట

నేను చేపల్ని పట్టి వదిలేస్తాను. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త పెద్దమనిషి తరహా చేరుతుంది. అమెరికాలో హారిస్‌బర్గ్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో భోజనాలప్పుడు ఎవరో ఒకరు "వీకెండ్ ఏం చేస్తుంటారండీ?" అంటారు. ఫ్లై ఫిషింగ్ అంటాను. "అయితే చేపలు కొనక్కర్లేదన్నమాట" అని వాళ్లు నవ్వేలోపే, "లేదండీ, తినం, వదిలేస్తాం" అని అందుకుంటాను. ఎదుటివాళ్ల కళ్లలో ఓ మోస్తరు గౌరవం కనిపిస్తుంది. శాకాహారులైతే మరీను. గోదావరి జిల్లావాడు, పులస పేరు చెబితే లేచి కూర్చునేవాడు, చేతికొచ్చిన చేపను తిరిగి నీళ్లలోకి పంపేస్తున్నాడంటే ఎంత ఎదిగాడో అనుకుంటారు కాబోలు. ఆ గౌరవాన్ని చాలాకాలంగా మొహమాటం లేకుండా పుచ్చుకుంటున్నాను. అది నాకు రావాల్సిందేనా అని ఈమధ్య అనుమానం పట్టుకుంది.

ఈ వేట సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మామూలు గాలానికి బరువు ఎరలోనో, పైన కట్టిన సీసం గుండులోనో ఉంటుంది. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఎరకు బరువు లేనట్టే. చిన్న గాలం మీద చుట్టిన ఈకలు, బొచ్చు, అంతే. బరువంతా లైనుది. తొమ్మిదడుగుల కర్రతో ఆ లావుపాటి లైనును వెనక్కి లేపి, గాల్లో అది పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు తోయాలి. ఆ ఆగడమే అసలు విద్య. కొత్తవాళ్లందరూ తొందరపడేది అక్కడే. లైను కొసన వెంట్రుకంత సన్నని నైలాన్ పోగు, దాని చివర ఈక పురుగు. అది నీటిమీద మెల్లగా వాలాలి, వాలాక ప్రవాహంతోపాటే పోవాలి. లైను లాగేసరికి పురుగు ఓ అంగుళం అడ్డంగా జారిందా, కిందినుంచి లేచొచ్చిన బ్రౌన్ ట్రౌట్ చేప మూతి తగిలేదాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంది.

పురుగుల్ని నేనే కట్టుకుంటాను. రాత్రిళ్లు బేస్‌మెంట్‌లో చిన్న బిగింపుకు గాలం పట్టించి, నెమలీక పోగులు మూడో నాలుగో తీసుకుని, తెగిపోకుండా దారంతో కలిపి మెలిపెట్టి, గాలం కాడ చుట్టూ దగ్గర దగ్గరగా తిప్పుకుంటూ వస్తే, ఆకుపచ్చా రాగిరంగూ కలిసిన మెరుపుతో ఓ బొద్దు పురుగు తయారవుతుంది. పైన సన్నని రాగితీగ ఎదురు దిశలో చుడితే చేప పళ్లకు పోగులు చెదరవు. ఎక్కాల పుస్తకంలో నెమలీక దాచి, పిల్లలు పెడుతుందని రోజూ తెరిచి చూసినవాణ్ని నేను. ఈకతో చెప్పిన అబద్ధాన్ని అప్పుడు నేను నమ్మాను, ఇప్పుడు చేప నమ్ముతోంది. ఇలా నమ్మించడంలో నాకు విపరీతమైన ఆనందం ఉంది. అడిగినవాళ్లకు మాత్రం ప్రకృతి, ప్రశాంతత, నీళ్ల గలగల అని చెబుతాను. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ ఒక్క చేపా లేవని రోజున ఆ గలగల నాకు వినిపించదు.

వదిలేయడం వెనక జాలి ఉందనుకునేవాణ్ని. కాస్త వెనక్కి వెళ్లి చూస్తే జాలి జాడ పెద్దగా లేదు. అమెరికాలో ఈ ఆలోచనకు పేరు తెచ్చినవాళ్లలో లీ వుల్ఫ్ ముఖ్యుడు. 1939లో వచ్చిన పుస్తకంలో ఆయన వాదన ఏమిటంటే, వేటలో సరదా ఇచ్చే చేప చాలా విలువైనది, అలాంటిదాన్ని ఒక్కసారి పట్టి సరిపెట్టుకోకూడదు. ఇందులో ఉన్నది పొదుపు. ఇవాళ నేను వదిలిన చేపను రేపు మరొకడు పట్టాలి, ఎల్లుండి మళ్లీ నేను పట్టాలి.

నేను ఎక్కువగా వెళ్లే స్ప్రింగ్ క్రీక్ సంగతి ఇంకా చిత్రం. స్టేట్ కాలేజ్ ఊరి పక్కనుంచి బెల్‌ఫాంట్ మీదుగా పారే సున్నపురాతి ఏరు అది. నేలలోంచి వచ్చే ఊటల వల్ల వేసవిలో చల్లగా ఉంటుంది. 1982లో అక్కడ చేపను ఇంటికి తీసుకెళ్లకూడదని నిబంధన పెట్టారు. కారణం, కీపోన్, మైరెక్స్ అనే పురుగుమందుల విషం చేపల ఒంట్లో తేలడం. తింటే మనుషులకు ప్రమాదం కాబట్టి వదిలేయమన్నారు. తినేవాళ్లు లేకపోయేసరికి బ్రౌన్ ట్రౌట్లు ఏరంతా నిండాయి. విషం భయం తగ్గాక కూడా ఆ నిబంధన అలాగే ఉండిపోయింది. ఆ ఏట్లో నేను చేప నోట్లోంచి గాలం తీస్తాను. ప్రవాహానికి ఎదురుగా దాని తల పెట్టి, మొప్పలు నిదానంగా ఆడేదాకా రెండు చేతులా పట్టుకుంటాను. అది తోక విదిల్చి జారిపోతుంటే నాలో ఓ పుణ్యభావం కలుగుతుంది. ఆ పుణ్యం ఓ రసాయన కర్మాగారం పెట్టిన భిక్ష.

నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఇంటికి దగ్గరని ఎల్లో బ్రీచెస్ ఏటికి తీసుకెళ్లాను. ఆయన చిన్నతనమంతా కోనసీమలో పంటకాలువ గట్టున గడిచింది. వెదురుకర్ర, జీలుగు బెండు, గాలానికి ఎర్రలు. మట్టగిడసో, జెల్లో పడితే ఆ పూట కూర, లేదంటే పచ్చడి మెతుకులు. గట్టున మడత కుర్చీ వేసి కూర్చోబెట్టి, నా విద్యంతా చూపించాను. కాసేపటికి ఓ రెయిన్‌బో ట్రౌట్ పడింది. గాలం తీసి వదిలేశాను.

"అదేంట్రా, జారిపోయిందా?"

"లేదు నాన్నా, వదిలేశాను."

"చిన్నదనా?"

"కాదు. మేం వదిలేస్తాం."

ఇక మొదలుపెట్టాను: సంరక్షణ, జాతులు, రేపటి తరం, ముల్లు నొక్కేసిన గాలం, చేపకు పెద్దగా దెబ్బ తగలదు. ఆయన అంతా విన్నారు. ఎవరి మాటకూ అడ్డుపడే అలవాటు లేదాయనకు. నేను ముగించాక, "అంత బాగుండాలనుకుంటే మరి దాన్నెందుకు లాగావురా?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగారు. అందుకే జవాబు దొరకలేదు.

ఆ సాయంత్రమే ఫోన్లో మా బాబాయితో చెబుతుంటే పక్కగదిలోంచి విన్నాను: "వీడు పడుతున్నాడు, మళ్లీ వదిలేస్తున్నాడు. ఉద్యోగం బాగానే ఉందంట."

ఎల్లో బ్రీచెస్‌లో కొంత భాగం తప్పిస్తే సీజన్‌లో చేపలు తీసుకెళ్లవచ్చు. హేచరీల్లో పెంచి ఏట్లో వదిలినవే అక్కడ చాలా ఉంటాయి, రోజుకు ఐదు ట్రౌట్ల దాకా అనుమతి. ఆయన కోసం మళ్లీ వెళ్లి రెండు ఉంచుకున్నాను. ఉంచుకోవడమంటే చంపాలి కదా. తలమీద ఒక్క దెబ్బ గట్టిగా కొట్టాలి. చేపను ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో రాయి తీసుకుని, అలాగే నిలబడిపోయాను. దాని నోట్లోకి గాలం దిగినప్పుడు ఎన్నడూ వణకని చెయ్యి అది. నాన్న నా చేతిలోంచి చేపను తీసుకుని, రాతికేసి ఒకే దెబ్బ కొట్టి, గడ్డిమీద పెట్టారు. నా సున్నితత్వం అప్పుడు నాకు అందంగా కనపడలేదు. దెబ్బ ఒక్కటి మినహాయించి మిగతా హింసంతా ఇష్టంగా చేసేవాడి సున్నితత్వం అది.

వంటింట్లో సింకు దగ్గర నాన్న కత్తి తిరగేసి తోకనుంచి తలదాకా గీకి, "పొలుసే లేదేంట్రా దీనికి?" అని ఆశ్చర్యపోయారు. ఉంటుంది, మరీ సన్నగా, జిగురు కింద. తర్వాత పొట్ట చీల్చి తిత్తి కోసి చూపించారు. నల్లటి పురుగులు, ఇసుక రేణువులతో గూడు కట్టుకునే క్యాడిస్ పురుగులు గూళ్లతో సహా. వాటిమధ్య ఎండుపుల్లల ముక్కలు, ఒక్కోటి బియ్యపుగింజ కన్నా కాస్త పొడుగు. హేచరీలో పెట్టే గుళికల మేతలాగా కనిపించి మింగినట్టుంది. "పుల్లలు తింటోందిది!" అని నాన్న నవ్వారు. నేను నవ్వలేదు. నెమలీక పోగులు మెలిపెట్టి, రాగితీగ చుట్టి, రంగు సరిచూసుకుని నేను మోసగించానని మురిసిపోయిన చేప, పుల్లకైనా నోరు తెరిచే చేప.

పులుసులో ముక్క నిలవలేదు, విడిపోయింది. చింతపండూ పచ్చిమిర్చీ దాన్ని మింగేశాయి. "చేప చప్పన, పులుసు మాత్రం కుదిరింది" అని తీర్పిచ్చి మరో గరిటె వేసుకున్నారాయన.

ఆయన వెళ్లాక కొంత చదివాను. 2003లో లిన్ స్నెడన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు రెయిన్‌బో ట్రౌట్ పెదవుల్లో తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూశారు. ఆమ్లం ఎక్కిన చేపలు పెదవిని తొట్టి అడుగు గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి. మేత ముట్టడానికి చాలాసేపు పట్టింది. దాన్ని మనం పడే నొప్పితో సమానంగా చూడవచ్చా అన్నదానిమీద శాస్త్రవేత్తలకు తగువుంది. ఆ తగువులో ఎవరు గెలవాలని నాకుందో చదివే తీరులోనే బయటపడింది: కాదనేవాళ్ల వ్యాసాలు రెండేసిసార్లు చదివాను, ఔననేవాళ్లవి సారాంశంతో సరిపెట్టాను.

జర్మనీలో అయితే నా సరదా చట్టం ముందు నిలవడం కష్టం. తగిన కారణం లేకుండా వెన్నెముక ఉన్న ప్రాణిని చంపకూడదు, బాధించకూడదని అక్కడి జంతు సంక్షేమ చట్టం. తినడం తగిన కారణం. వదిలేయాలనే ఉద్దేశంతో పట్టడం కాదని సాధారణంగా అక్కడివాళ్లు అర్థం చేసుకుంటారు. స్విట్జర్లాండ్ కూడా వదిలేసే ఉద్దేశంతో పట్టడాన్ని నిషేధించింది. అక్కడ నాన్న నిర్దోషి, నేను ముద్దాయిని. నేను పట్టే బ్రౌన్ ట్రౌట్ పూర్వీకులు 1883లో గుడ్లుగా న్యూయార్క్‌లో దిగింది ఆ జర్మనీ నుంచే కావడం ఓ తమాషా.

ఇక ఫొటోలు. చేపను నీళ్లపైకెత్తి, చేతులు కాస్త ముందుకు చాచి, చేప పెద్దగా కనబడేలా నవ్వడం మాలో అందరికీ తెలిసిన కళ. 1992లో ఫెర్గసన్, టఫ్ట్స్ అనే ఇద్దరు పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్లను అలసిపోయేదాకా తరిమి, కొన్నింటిని కాసేపు గాలిలో ఉంచారు. గాలి తగలనివాటిలో 12 శాతం, 30 సెకన్లు ఉంచినవాటిలో 38 శాతం, నిమిషం ఉంచినవాటిలో 72 శాతం చనిపోయాయి. ప్రయోగశాల లెక్క ఏట్లో అచ్చంగా వర్తించదని వాదించవచ్చు, నేనూ వాదించాను. అయినా ఆ అంకెలు చదివాక నా ఫోన్లో ఉన్న ఫొటోలు తిరగేస్తుంటే, ఒక్కో చేపను ఎంతసేపు పైకెత్తి ఉంచామా అని లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. తీసేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. మంచి ఫొటోలవి.

ఇంతసేపూ ట్రౌట్ గురించే మాట్లాడాను చూడండి. అదీ ఓ బడాయే. ట్రౌట్‌కు వంశగౌరవం ఉంది, చల్లటి స్వచ్ఛమైన నీళ్లు ఉన్నాయి, ఇంగ్లిష్ దొరల పుస్తకాలు ఉన్నాయి. నలుగురిలో చెప్పుకోవడానికి అది బాగుంటుంది. నాకు లోపల ఇష్టమైనది స్మాల్‌మౌత్ బాస్ అనే చేప. జులైలో సస్క్వెహనా నది హారిస్‌బర్గ్ దగ్గర మైలు వెడల్పున, మోకాలి లోతున, రాతి అరుగుల మీదుగా గోరువెచ్చగా పారుతుంటుంది. పాత బూట్లతో నీళ్లలోకి దిగిపోవడమే. ఈ నది బాస్ కోసమే దిగువన మిడిల్‌టౌన్‌లో ఉండే బాబ్ క్లౌజర్ 1980లలో ఓ ఎర కట్టాడు. జింక తోక బొచ్చు, పైన డంబెల్ ఆకారంలో లోహపు కళ్లు. ఆ కళ్ల బరువుకు అది మునుగుతూ, లాగితే లేస్తూ, చచ్చీ బతికీ ఈదే చిన్న చేపలా కదులుతుంది. ఇప్పుడు దాన్ని దేశదేశాల్లో ఉప్పునీటి చేపలకు కూడా వాడుతున్నారు.

బాస్‌కు ట్రౌట్ నాజూకు లేదు. వచ్చి కొడుతుంది. కొట్టిన మరుక్షణం నీళ్లలోంచి పైకి లేచి తల అటూ ఇటూ విసిరి గాలాన్ని ఊడగొట్టుకోవాలని చూస్తుంది. ఆ కుదుపు కర్ర పిడిలోంచి మోచేతిదాకా పాకుతుంది. కింది పెదవిని బొటనవేలితో పట్టుకుంటే, గరుకు కాగితంలాంటి సన్నని పళ్లకు వేలి చర్మం గీరుకుపోతుంది. ఎర్రటి కన్ను రెప్పలేకుండా చూస్తుంటుంది. సోమవారం ఆఫీసులో కీబోర్డు మీద ఆ బొటనవేలు గరుకుగా తగిలితే నాకు సంతోషం. కర్రలోంచి పాకే ఆ వణుకు ఓ జంతువు ప్రాణభయం. నాకు కావలసింది అదే. ఈకలు, నదులు, చరిత్ర, సంరక్షణ అన్నీ దాని చుట్టూ నేను కట్టుకున్న ప్రాకారాలు. తిండికోసం పట్టే మనిషికి ఆ వణుకు మధ్యలో వచ్చే శ్రమ. నాకు అదే ఫలం.

ఇక్కడ కూడా వదిలేయడం నా గొప్పేమీ కాదు. 2005 నుంచి ఈ నదిలో పిల్ల బాస్‌లు ఒంటిమీద పుండ్లతో చచ్చి తేలడం మొదలైంది. 2011లో సస్క్వెహనా మధ్యభాగంలో బాస్ పట్టినవాళ్లు వెంటనే వదిలేయాలని నిబంధన వచ్చింది.

ఫ్లై ఫిషింగ్ మానేశానా? లేదు. జేబులో థర్మామీటరు ఉంటుంది, నీళ్లు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ట్రౌట్ జోలికి పోను. అంత వేడిలో పోరాడిన ట్రౌట్ వదిలినా తేరుకోవడం కష్టం. గాలం ముళ్లన్నీ పటకారుతో నొక్కేస్తాను. చేపను నీళ్లపైకి తీయను. ఫొటో కావాలంటే నీళ్లలో ఉండగానే. ఇవన్నీ చేప బతకడానికి పనికొస్తాయి. నాన్న అడిగింది అది కాదు.

ఆదివారం ఉదయం ఇక్కడినుంచి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి భోజనాల వేళ. "ఏరా, ఈవారం వదిలావా, వండావా?" అంటారు.

"వదిలేశాను నాన్నా."

"సరే, అమ్మకిస్తున్నా ఉండు."

"పద్దెనిమిది అంగుళాలుంది నాన్నా," అంటాను.