మరచిపోయే బిడ్డకు జ్ఞాపకపు రాళ్లు
(యెహోషువ 4:1-7)



ఇశ్రాయేలీయులు యొర్దాను దాటగానే దేవుడు గోత్రమునకు ఒక్కడు చొప్పున పన్నెండుగురిచేత నది నడుమనుండి పన్నెండు రాళ్లు మోయించి, వాటిని జ్ఞాపకార్థముగా నిలిపించాడు. ఈ మాట మాకు మా తప్పిదము ద్వారానే అర్థమైనది.

కొంతకాలము క్రిందట మా సండేస్కూలులో పదకొండేండ్ల బాబును కంఠత వాక్యము చెప్పమని నిలబెట్టాము. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. "ఆటమీద ఉన్న శ్రద్ధ వాక్యముమీద లేదు" అని పదిమందిలో అనేశాము. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మేమే అన్నాము. ఆరాధన ముగిసిన తరువాత తల్లి వచ్చి, "రాత్రి తప్పు లేకుండా అప్పజెప్పాడండీ అయ్యగారూ, తెల్లవారేసరికి పోయింది" అని కన్నీళ్లు పెట్టుకొన్నది.

ఆ బాబుకు ఆరో యేట మెదడులో గడ్డ తీశారు. బ్రదికినందుకు సంఘమంతా స్తోత్రకూడిక పెట్టుకొన్నాము. ఆ తరువాతి కష్టమును మాత్రము అడుగలేదు.

పిల్లల మెదడులో వచ్చే క్యాన్సరు గడ్డలలో ఎక్కువగా కనబడేది మెడుల్లోబ్లాస్టోమా. అది తల వెనుక, చిన్నమెదడులో పుడుతుంది. గడ్డను తీసిన తరువాత, మరీ పసివారికి తప్ప, సాధారణముగా తలకంతటికి, వెన్నుకు రేడియేషన్ ఇస్తారు, మందులు ఎక్కిస్తారు. ప్రాణము కాపాడిన ఆ కిరణములే ఎదిగే మెదడులోని నరముల దారులను, క్రొత్త జ్ఞాపకములను పదిలపరచే భాగమును దెబ్బతీయవచ్చును. వయస్సు చిన్నదైనకొద్దీ నష్టము ఎక్కువ. అది నెలలు, యేండ్లు గడచిన తరువాత బయటపడుతుంది. జుట్టు మరల వచ్చి, బిడ్డ బాగున్నాడని మనమనుకొనే నాటికి చదువు వెనుకబడుతుంది. పాతవి చాలావరకు నిలుస్తాయి, క్రొత్తవి నిలువవు. ఆ బాబు జబ్బుకు ముందు నేర్చిన 23వ కీర్తనను ఈనాటికీ తడబడక చెబుతాడు.

పైగా మన బిడ్డలకు ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, బడిలో ఇంగ్లీషు. ఆ బిడ్డకు ఎంత బరువో ఆలోచించండి.

యొర్దాను నీళ్లు ఆగుట కన్నులార చూచినవారికే దేవుడు రాళ్లు ఇచ్చాడు. మరచిపోతారని గద్దించలేదు. ఆ రాళ్లను కూడ ఒక్కని భుజముమీద పెట్టలేదు, పన్నెండుగురికి పంచాడు.

కాబట్టి ఉపాధ్యాయులారా, ఒకసారికి ఒక్క మాటే నేర్పండి. వ్రాసి చేతికివ్వండి. మరునాడు, మరల వారమునకు గుర్తుచేయండి. జవాబు కోసము ఆగండి. చూచి చదువనివ్వండి. తల్లిదండ్రులారా, వైద్యుని కాగితముతో బడికి వెళ్లండి. వికలాంగ విద్యార్థులకు పరీక్షలలో అదనపు సమయము, వ్రాసిపెట్టే మనిషి వంటి సదుపాయములను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము చెప్పుచున్నది. సంఘపెద్దలారా, వారిని ఒంటరిగా పంపక మీరూ వెంట వెళ్లండి.

సిలువమీది దొంగకు అప్పజెప్పుటకు ఏమియు లేదు. తనను జ్ఞాపకము చేసుకొమ్మని మాత్రమే యేసును వేడుకొన్నాడు, అది చాలినది. మన రక్షణ మన జ్ఞాపకశక్తిమీద నిలిచినది కాదు, ఆయన మనలను మరువకుండుటమీద నిలిచినది.

మేము ఆ బాబును క్షమాపణ అడిగాము. "ఏ మాటండీ?" అన్నాడు. అతడు మరచిపోయాడు, తల్లి మరువలేదు. మేమును మరువరాదు. మీ సంఘములో అట్టి బిడ్డ ఉంటే, అతని కొరకు మీరును ఒక రాయి మోయుదురు గాక. ఆమేన్.