మూగజీవి వీపుపై మన సుఖం

మాట్లాడలేని ప్రాణి మౌనాన్ని అంగీకారంగా భావించవచ్చా? గుర్రం వీపుపై వేసే జీనును పరిశీలిస్తే ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలుస్తుంది.

జీను ఎలా ఉందని సవారీ చేసేవాణ్ణి అడిగితే తన సుఖం గురించే చెబుతాడు. కాని జీను ఆనుకునేది ఇద్దరి శరీరాలకు. పైనున్నవాడికి నోరుంది, కిందనున్న జీవికి లేదు.

జీను బరువు వెన్నెముకపై పడకూడదు. దానికి ఇరువైపులా ఉన్న కండరాలపై సమంగా పరచుకోవాలి. మెడ ముగిసేచోట ఎత్తుగా ఉండే మూపు ఎముకకు, జీను కమానుకు మధ్య ఖాళీ ఉండాలి. భుజం కదలికకు అది అడ్డు రాకూడదు. వెనుక చివరి పక్కటెముకను దాటకూడదు. ఇరుకైన జీను నొక్కుతుంది. మరీ వెడల్పయినది కిందికి దిగి మూపును ఒరుస్తుంది. ఇరుకు జీను కింద మెత్తలు పెంచితే ఏం లాభం? ఇరుకు బూటులో మందపాటి మేజోళ్లు తొడిగితే కాలికి హాయి కలుగుతుందా?

నిజానికి ఇద్దరి సుఖం ఒక్కటే. జీను వెనక్కి వాలితే మనిషి తూకం తప్పుతాడు. ఆ తప్పిన తూకాన్ని మోసేది కూడా గుర్రమే.

గుర్రం నోటితో చెప్పకపోయినా ఒంటితో చెబుతుంది. పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి వాల్చడం, కరవబోవడం, జీను ఆనేచోట తెల్ల వెంట్రుకలు మొలవడం దాని ఫిర్యాదులే కావచ్చు. 'మొండి గుర్రం' అని కొరడా ఎత్తేముందు వాటిని గమనించాలి. వయసుతో, పనితో గుర్రం వీపు ఆకారం మారుతుంది. కనుక నిరుడు సరిపోయిన జీను నేడు సరిపోతుందన్న హామీ లేదు.

'జంతువులు మన సేవకే కదా' అంటారు కొందరు. సేవ పొందే అనుమతి వేరు, బాధపెట్టే అనుమతి వేరు. మన దేశంలో బరువులు లాగే, మోసే జంతువుల రక్షణకు 1965లో చేసిన నియమాలు కూడా మూపుకు, జీను కమానుకు మధ్య తగినంత ఎడం ఉండాలని ఆదేశించాయి. అయితే చట్టం కన్ను ప్రతి గుర్రపుశాలలోకీ చేరదు. మూగజీవాల విషయంలో దైవభీతి కలిగి ఉండాలని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఎవరూ చూడనిచోట మనిషిని ఆపగలిగేది ఆ భీతే.

నోరున్నవాడు తన హక్కును తానే అడుగుతాడు. నోరులేని జీవి హక్కు మన చేతిలో అమానతు. కనుక జీను ఎక్కేముందు ఒకసారి దాని కింద చేయి పెట్టి చూద్దాం.